మాటల్లేని సముద్రం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. వాటిలో హోయ్ ఒకటి. దాని పడమటి తీరంలో, ఎత్తైన కొండచరియల నడుమ రాక్విక్ అనే చిన్న ఊరుంది. బతుకుతెరువు కోసం జనం వలసపోగా 20వ శతాబ్దంలో అది దాదాపు ఖాళీ అయింది. ఇంగ్లండ్ స్వరకర్త పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ 1970లలో అక్కడే, కరెంటు కూడా లేని ఒక పాత ఇంట్లో కాపురం పెట్టాడు. ఆ గాలీ కెరటాల హోరు మధ్య రాసిన బృందగానమే ‘వెస్టర్లింగ్స్’ (1977). సాహిత్యం ఆర్క్నీ కవి జార్జ్ మకై బ్రౌన్‌ది.

మన బృందగానంలో సాధారణంగా అందరూ ఒకే వరుస పాడతారు. ఇక్కడ అలా కాదు. ఆడవారి హెచ్చు, తగ్గు గొంతులు, మగవారి హెచ్చు, తగ్గు గొంతులు ఒకే సమయంలో వేర్వేరు స్వరాలు పలుకుతాయి. వాద్యాలేవీ ఉండవు. దగ్గర దగ్గర స్వరాలు రెండు కలిసి మోగితే వాటి మధ్య సన్నటి అదురు పుడుతుంది. మొదట అది చెవికి గరుకుగా తగులుతుంది. దాన్ని అపస్వరం అనుకోకండి, స్వరకర్త కోరి రాసిందే.

సుమారు 9వ శతాబ్దంలో నార్వే నుంచి ఓడల్లో వచ్చి ఆర్క్నీలో స్థిరపడ్డవాళ్ల కథను నాలుగు పాటలు చెబుతాయి. పాటల నడుమ సముద్రచిత్రాలు వస్తాయి. వాటిలో మాటలుండవు, గొంతులే ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ నిర్ణయమే. ప్రయాణం మనుషులది కాబట్టి దానికి మాటలిచ్చారు, సముద్రాన్ని మాత్రం వర్ణించకుండా వదిలేశారు. కవి తప్పుకుని గాయకులకు చోటిచ్చిన ఈ భాగాల్లోనే ఆ తీరం మనకు బాగా దగ్గరవుతుంది.

చివర ఒక ప్రార్థన ఉంది. క్రైస్తవులు రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థనే, కానీ నోర్న్ భాషలో. ఆ వలసదారులు తెచ్చిన నుడి నుంచి పుట్టిన భాష అది. 1468లో డెన్మార్క్, నార్వేలను ఏలే రాజు తన కూతురి కట్నం కింద ఆర్క్నీని స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు. ఆ తర్వాత స్కాట్స్ భాష పైచేయి సాధించింది, నోర్న్ క్రమంగా అంతరించింది. పాటల్లో ఒడ్డు చేరిన మనుషుల భాష ఇలా, దాన్ని మాట్లాడేవారెవరూ మిగలని కాలంలో, గాయకుల నోట మళ్లీ పలుకుతుంది.

కొత్తగా వినేవారు ఈ ప్రార్థనతోనే మొదలుపెట్టవచ్చు. నోర్న్ మనకు రాదు, నేటి ఆర్క్నీ వాసికీ రాదు, కాబట్టి అందరం దాన్ని ఒకేలా వింటాం. ఆ తర్వాత వెనక్కి వెళ్లి సముద్రచిత్రాలు వినండి.