రంగు చేపల వన్నె

పిల్లలు ముచ్చటపడి తెచ్చుకొన్న బంగారుచేప కొన్ని నెలలకే గాజుతొట్టిలో వెలవెలబోవుటను మీరు చూచియే యుందురు. చేప తనంతట ఎఱుపు, పసుపు వన్నెలను పుట్టించుకొనజాలదు. వానికి మూలమైన కెరోటినాయిడులను మేతనుండియే గ్రహించును. ఇవి నాచునందు, చిన్న రొయ్యలయందు, బంతిపూల రేకులయందు సమృద్ధిగా నుండును. కావున కేవలము మెతుకులు, మరమరాలు వేయక, ఇట్టి పదార్థములు కలిసిన మేతను, రెండు మూడు నిముషములలో తినగలిగినంతయే వేయవలెను. మిగిలినది కుళ్లి నీటిని చెఱచును.

వారమున కొకసారి నీటిలో నాల్గవవంతు తీసి, ఒక దినము నిలువయుంచిన నీటిని పోయవలెను. బంగారుచేప చీకటిలో రంగు కోల్పోవును. తొట్టి యడుగు తెల్లనిదైనను చేపలు వెలిసినట్లు కనబడును. కావున ముదురురంగు గులకఱాళ్లు పఱచి, పగటి వెలుతురు సోకుచోట తొట్టి నుంచుడు. నేరుగా ఎండ మాత్రము తగులరాదు.

ఇక నొక హెచ్చరిక. మన చెఱువులలో, కాలువలలో, ఎముకలు సైతము పైకి కనబడునంత తేటయైన చిన్నచేప యొకటి కలదు. కొందరు సూదితో దాని చర్మము క్రింద రంగు నెక్కించి అమ్ముట కలదు. ఆ రంగు కొన్ని నెలలలో వెలిసిపోవును. చేప రోగముల పాలగును. కొనువారు లేనినాడు ఆ హింస తానే నిలిచిపోవును. మంచి మేత, మంచి నీరు, తగిన వెలుగు ఇచ్చిన వన్నెయే నిజమైన వన్నె.