కోడి దాణాలో ఎంజైమ్ ఎందుకు?

బ్రాయిలర్ కోడిపిల్ల ఆరు వారాలు నిండేసరికే రెండు కిలోలు దాటుతుంది. అంత బరువు మోయాలంటే ఎముకలు గట్టిగా ఉండాలి. ఎముకకు కాల్షియంతో పాటు భాస్వరమూ కావాలి. దాణాలోని మొక్కజొన్న, సోయా చెక్కల్లో భాస్వరం ఉంది కదా? ఉంది. కానీ అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే పదార్థంలో ఇరుక్కుని ఉంటుంది. పెట్టెలో డబ్బుండి తాళంచెవి లేనట్టన్నమాట!

నిజానికి అది మొక్క దాచుకున్న నిల్వ. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని విడదీసి వాడుకుంటుంది. కోడి పేగుల్లో ఆ ఎంజైమ్ చాలినంత లేదు. పైగా ఫైటేట్ ఊరుకోదు, కాల్షియాన్నీ జింకునూ కూడా పట్టేసుకుంటుంది.

అందుకే బూజులతోనో బ్యాక్టీరియాతోనో ఫైటేజ్ తయారు చేయించి దాణాలో కలుపుతారు. ఒక్కో ఫైటేట్ అణువుకు ఆరు ఫాస్ఫేట్లుంటాయి. కోడి కడుపులో ఫైటేజ్ వాటిని ఒక్కొక్కటిగా ఊడదీస్తుంది.

ఒక చిక్కుంది. ఎంజైమ్ ప్రోటీన్ కాబట్టి వేడికి పాడవుతుంది. దాణాను ఆవిరితో వేడిచేసి గుళికలు చేస్తారు మరి! అందుకని ఎంజైమ్‌కు పూత పూస్తారు, లేదా గుళికలు తయారయ్యాక ద్రవంగా చల్లుతారు.

ఫైటేజ్ 1991లో నెదర్లాండ్స్ మార్కెట్లోకి వచ్చింది. పందులు, కోళ్లు కిక్కిరిసిన ఆ చిన్న దేశంలో జీర్ణంకాని భాస్వరం పెంటతో పొలాలకు, అక్కణ్ణుంచి కాలువలకు చేరేది. నీళ్లలో నాచు పెరిగి, కుళ్లి, ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చేవి. ఫైటేజ్ వాడితే పెంటలోకి పోయే భాస్వరం తగ్గుతుంది, భాస్వరం కోసం దాణాలో విడిగా కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్ ఖర్చూ తగ్గుతుంది. రైతులకు నచ్చింది బహుశా అదే.