కంప్యూటర్‌కి విసనకర్ర కట్టాను

మా అమ్మాయిది ఇంజినీరింగు చివరి సంవత్సరం. మామిడి ఆకు ఫొటో చూపిస్తే దానికి పట్టిన తెగులేదో కంప్యూటరే చెప్పాలి. అదీ దాని ప్రాజెక్టు. అందుకోసం వేలకొద్దీ ఫొటోలు చూపించి నేర్పించాలట, ఆ పని రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. అసలే ఏప్రిల్ నెల, తిరుపతి ఎండలు మీకు తెలియనివా! పొద్దుగూకినా గోడలు సెగలు కక్కుతుంటాయి. ఓ రాత్రి కంప్యూటర్‌లోంచి గర్రుమని చప్పుడు, తెర మీద గళ్లుగళ్లుగా రంగులు, ఆపైన అంతా చీకటి. మళ్లీ ఆన్ చేస్తే పది నిమిషాలు పనిచేసి మళ్లీ అదే వరస. ప్రాజెక్టు అప్పగించడానికి తొమ్మిది రోజులే ఉంది. పిల్ల అన్నం ముట్టలేదు.

మర్నాడు రిపేరు షాపుకి మోసుకెళ్లాం. "గ్రాఫిక్స్ కార్డు పోయిందమ్మా, కొత్తది వేసుకోండి" అన్నాడాయన, మూతయినా విప్పకుండా! ఆఖరి విడత ఫీజు కట్టి అప్పటికి వారమే. ధర విని మారుమాట్లాడకుండా ఇంటికొచ్చేశాం.

చిత్తూరులో మా అన్న కొడుకు ఇలాంటివి బాగుచేస్తుంటాడు. ఫోన్ చేశాను. "అత్తా, మూత తీసి కార్డు మీద ఫ్యాను తిరగతా ఉందేమో చూడు" అన్నాడు. చూశాను, తిరగడం లేదు. వేలితో కదిపితే కరకరమంది. రెక్కల కింద దుమ్ము దూదిలా పేరుకుంది.

"కార్డు పోయుండదులే అత్తా, వేడికి తట్టుకోలేక ఆగిపోతా ఉంది. నా దగ్గర అదే రకం చెడిపోయిన కార్డు ఒకటుండాది. దాని హీట్‌సింకు, ఫ్యాను పంపిస్తా, నువ్వే బిగించు."

"నేనా?"

"కుక్కరు గాస్కెట్టు మార్చేది ఎవురు, మామా?"

నిజమే, మా ఆయన మార్చరు!

హీట్‌సింకు అంటే అల్యూమినియం దిమ్మ, దాని మీద వరసగా సన్నటి రేకులు. పులిహోర కలిపేముందు వేడన్నాన్ని గిన్నెలో ఉంచం కదా, వెడల్పాటి పళ్లెంలో పరిచి విసురుతాం. ఆ రేకులే పళ్లెం, ఫ్యాను విసనకర్ర. గోరంత చిప్పులో పుట్టిన వేడి రేకుల్లోకి పాకితే, గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. 1999లో ఎన్‌విడియావాళ్ల జీఫోర్స్ 256 వచ్చేనాటికే చిప్పు నెత్తిన చిన్న ఫ్యాను ఉండేది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కైతే 450 వాట్లు కావాలి. పాతరకం సీలింగు ఫ్యాన్లు ఆరు తిరిగేంత కరెంటు! అదంతా చివరికి వేడిగానే బయటికి రావాలి.

మర్నాటికి బస్సు పార్సిల్లో సామాను వచ్చింది. మేనల్లుడు వీడియో కాల్లో కూర్చున్నాడు. మొదట కరెంటు ప్లగ్గు పీకించాడు. "సిల్కు, నైలాను కాకుండా నూలు చీర కట్టుకో, పెట్టె ఇనుము ఒకసారి ముట్టుకో" అన్నాడు. ఒంట్లోని స్థిర విద్యుత్తు చాలట, చిప్పు పాడవడానికి. కార్డు ఊడదీసి, వెనక స్క్రూలు నాలుగూ విప్పాను. దిమ్మ మాత్రం కదల్లేదు. లోపలి పేస్టు ఎండి అతుక్కుపోయింది. లాగబోయాను. "లాగద్దు! చిప్పు ఊడొస్తాది" అని అరిచాడు. హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెట్టి, అటూ ఇటూ మెల్లిగా తిప్పితే ఊడింది. ఆ నిమిషంలో నాకు పట్టిన చెమట ఎండ వల్ల మాత్రం కాదు.

చిప్పు మీది పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి గుడ్డతో తుడిచాను. పక్కనున్న మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి, వాటిని చిరగకుండా చూసుకోవాలి. తర్వాత కొత్త థర్మల్ పేస్టు, బఠాణీ గింజంత. గోడకి రంగేసేముందు గుంటల్లో లప్పం పెడతారే, ఇదీ అలాంటిదే. రెండు లోహాలు ఎంత నున్నగా ఉన్నా మధ్యలో కంటికి కనపడని సందులుంటాయి, వాటిలో గాలి చేరితే వేడి దాటదు. ఎక్కువ పూసినా నష్టమేనట. స్క్రూలు మాత్రం ఎదురెదురు మూలలవి, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే చిప్పు అంచు విరుగుతుంది.

అంతా బిగించి ఆన్ చేస్తే ఫ్యాను తిరగలేదు! గుండె జారిపోయింది. తీరా చూస్తే ఫ్యాను వైరు కార్డుకి తగిలించడం మరిచాను. మళ్లీ కరెంటు తీసి తగిలించాక, జుయ్‌మంటూ తిరిగింది. అంతకుముందు 94 డిగ్రీలకెక్కి ఆగిపోయే కార్డు, ఆ రాత్రంతా పనిచేసినా 71 దాటలేదు. అమ్మాయి నిద్రపోయినా నేను మాత్రం లేచి లేచి ఆ అంకె చూసుకుంటూనే ఉన్నాను.

మీరూ చేద్దామనుకుంటే ఒక్క మాట. కార్డుకి వారంటీ ఉంటే విప్పకండి, కంపెనీకే పంపండి. కొత్త హీట్‌సింకు కొనేముందు కార్డు రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలుచుకోండి, తేడా వస్తే కూర్చోదు. కరెంటు వచ్చే పవర్ సప్లై డబ్బా జోలికి మాత్రం అసలు పోవద్దు. ప్లగ్గు పీకాక కూడా అందులో షాకు ఉంటుంది.

ప్రాజెక్టు రెండ్రోజులు ముందే అప్పగించేసింది. ఆ సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. "ఆ పాత ఫ్యాను పారేయొద్దత్తా, నూనె చుక్క వేసి చూస్తా, చిత్తూరు పంపించు" అన్నాడు.