ఈవుడ్ పార్క్‌లోకి వచ్చిన కోడి

2012 మే 7. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊళ్ళో, ఈవుడ్ పార్క్ స్టేడియంలో బ్లాక్‌బర్న్ రోవర్స్‌కూ విగన్‌కూ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఉన్నట్టుండి మైదానంలోకి ఒక కోడి వచ్చింది. దాని ఒంటికి రోవర్స్ జెండా చుట్టి ఉంది. వదిలింది రోవర్స్ అభిమానులే. టీవీలో చూసినవాళ్ళు నవ్వుకున్నారు గానీ ఊరివాళ్ళు నవ్వే స్థితిలో లేరు. 87వ నిమిషంలో విగన్ డిఫెండర్ ఆల్కరాజ్ తలతో గోల్ కొట్టాడు. 0-1తో ఓడిన రోవర్స్, పదకొండేళ్ళుగా ఆడుతున్న ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు పడిపోయింది.

క్రికెట్ చూసే మనకు ఈ 'పడిపోవడం' కొత్త. 2008 ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు అదే జట్టు కప్పు గెలిచింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పద్ధతే ఇక్కడా ఉంటే ఆ రెండో అవకాశం దొరికేదే కాదు. అక్కడ లీగులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై మెట్టు ప్రీమియర్ లీగ్. అందులో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, సమమైతే 1. చివరి మూడు స్థానాల్లో మిగిలిన జట్లను రెండో మెట్టుకు దించి, అక్కడి నుంచి మూడింటిని పైకి తీసుకుంటారు. దీన్నే రెలిగేషన్ అంటారు. పడిన జట్టుకు పరువు పోవడం ఒక్కటే కాదు, టీవీ హక్కుల డబ్బు కూడా బాగా తగ్గిపోతుంది. ఎక్కువ జీతం తీసుకునే ఆటగాళ్ళను అమ్ముకోక తప్పదు.

బ్లాక్‌బర్న్ ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ప్రాంతం అదే. 1931లో గాంధీజీ మిల్లు కార్మికులను కలిసిన డార్వెన్ దీని పక్క ఊరే. ఇంత చిన్న ఊరి జట్టు 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు పెట్టాడు, అలన్ షియరర్ ఆ ఒక్క సీజన్‌లో 34 గోల్స్ కొట్టాడు. 2012లో ఏడ్చినవాళ్ళలో ఆ విజయం కళ్ళారా చూసినవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఇక కోడి సంగతి. 2010 నవంబరులో ఈ క్లబ్బును కొన్నది పుణేకు చెందిన వెంకీస్ సంస్థ. కోళ్ళ పరిశ్రమలో మన దేశంలో పెద్ద పేరు. దాని మూలం మన వైపే ఉంది. హైదరాబాద్‌కు చెందిన బండా వాసుదేవరావు గారు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. పేపర్లో రోజూ కనిపించే 'నెక్' గుడ్ల ధర వెనక ఉన్న సంస్థను నిలబెట్టిందీ ఆయనే. క్లబ్బు కొన్నది ఆయన పిల్లలు. కొన్న కొద్ది వారాలకే, జట్టు 13వ స్థానంలో ఉండగా, అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అంతకుముందు ఏ జట్టుకూ మేనేజర్‌గా చేయని స్టీవ్ కీన్‌కు బాధ్యత ఇచ్చారు. అభిమానుల కోపం అక్కడ మొదలైంది.

2011-12 సీజన్‌ను పట్టికలో చూస్తే పూర్తిగా చేతకాని జట్టనిపిస్తుంది: 8 గెలుపులు, 7 సమాలు, 23 ఓటములు, 31 పాయింట్లు, 19వ స్థానం. కానీ మ్యాచ్‌లు చూస్తే అలా అనలేం. సెప్టెంబరులో ఆర్సెనల్‌ను 4-3తో ఓడించారు. నైజీరియా ఆటగాడు యాకుబు డిసెంబరులో స్వాన్సీ మీద ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో అతనివి మొత్తం 17, అంటే జట్టు కొట్టిన 48లో మూడో వంతుకు పైనే.

డిసెంబరు 31న పట్టికలో అట్టడుగున ఉన్న రోవర్స్, మాంచెస్టర్ యునైటెడ్‌ను దాని సొంత మైదానంలో ఎదుర్కొంది. ఆ రోజు యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ 70వ పుట్టినరోజు. యాకుబు రెండు గోల్స్ కొట్టాడు. 2-2గా ఉన్నప్పుడు ఇరవై ఏళ్ళ గ్రాంట్ హ్యాన్లీ మూడోది కొట్టి గెలిపించాడు. మే నెలలో యునైటెడ్, మాంచెస్టర్ సిటీ చెరి 89 పాయింట్లతో నిలిచాయి. గోల్స్ తేడా మీద కప్పు సిటీకి దక్కింది. ఆ రోజు యునైటెడ్ కనీసం సమం చేసుకున్నా కప్పు వాళ్ళదే! పడిపోయిన జట్టు పోతూపోతూ ఛాంపియన్ ఎవరో కూడా తేల్చిపోయిందన్నమాట.

మరి ఎందుకు పడింది? కొట్టిన గోల్స్ కంటే ఇచ్చుకున్నవి చూడండి: 78. మ్యాచ్‌కు రెండు చొప్పున, పైన ఇంకో రెండు. ఒక్క ఆర్సెనల్‌తోనే రెండోసారి ఆడినప్పుడు 1-7. వెనక గోడ సీజన్ నడుస్తుండగానే కూలింది. యువ డిఫెండర్ ఫిల్ జోన్స్‌ను అంతకుముందు వేసవిలోనే యునైటెడ్‌కు అమ్మేశారు. జనవరిలో డిఫెండర్ ర్యాన్ నెల్సన్ టోటెన్‌హామ్‌కు వెళ్ళాడు. ఫిబ్రవరిలో మరో డిఫెండర్ క్రిస్టఫర్ సాంబా రష్యా క్లబ్బుకు వెళ్ళిపోయాడు. మన ఇళ్ళలో వినబడే 'ట్రాన్స్‌ఫర్' మాటే అక్కడా వాడతారు. కాకపోతే మన నాన్నల ఆర్డర్లు ఢిల్లీ నుంచి వస్తాయి, అక్కడ ఆటగాడు ఒప్పుకుని సంతకం పెట్టాలి. నా లెక్కలో యజమానుల తప్పుల్లో మేనేజర్ మార్పు కంటే ఇదే పెద్దది. ముందు వరసలో యాకుబు ఎన్ని కొట్టినా వెనక నిలిచేవాళ్ళు కావాలి కదా! మార్చిలో రెండు గెలుపులతో ఆశ పుట్టింది. వెంటనే వరసగా ఐదు ఓటములు. చివరికి 17వ స్థానంలో నిలిచి బతికిపోయిన క్యూపీఆర్‌కూ వీళ్ళకూ తేడా ఆరు పాయింట్లే.

ఆటగాళ్ళ దారులు విచిత్రంగా చీలాయి. జనవరిలో రెండో మెట్టులోని రెడింగ్‌కు వెళ్ళిన జేసన్ రాబర్ట్స్, రోవర్స్ కిందికి దిగిన ఏడాదే రెడింగ్‌తో పైకి ఎక్కాడు. యాకుబు చైనాకు వెళ్ళాడు. కెనడా కుర్రాడు జూనియర్ హోయ్‌లెట్ క్యూపీఆర్‌లో చేరాడు. గోల్ కొట్టి గెలిపించిన హ్యాన్లీ మాత్రం మరో నాలుగేళ్ళు అక్కడే ఉన్నాడు.

క్లబ్బు ఇంకా కిందికి జారింది. 2017లో మూడో మెట్టుకు పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు అంత కిందికి పోవడం అదే మొదలు. ఆ ఏడు చివరి మ్యాచ్ గెలిచినా, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో పాయింట్లు సమానమై, గోల్స్ తేడా మీద పడిపోయారు. యజమానులు మాత్రం క్లబ్బును వదిలేయలేదు, ఏళ్ళ తరబడి నష్టాలకు డబ్బు పోస్తూనే వచ్చారు. మేనేజర్ టోనీ మోబ్రే కిందే జట్టు 2018లో రెండో మెట్టుకు తిరిగి వచ్చింది.

అదే 2018 జులైలో మాస్కోలో ప్రపంచ కప్ ఫైనల్. రెండో సగంలో ఫ్రాన్స్ మేనేజర్ కాంతేను బయటికి పిలిచి ఒక పొడుగాటి ఆటగాణ్ణి దింపాడు. పేరు స్టీవెన్ ఎన్జోంజీ. ఫ్రాన్స్ 4-2తో క్రొయేషియాను ఓడించింది. ఆరేళ్ళ కిందట రోవర్స్‌తో పాటు పడిపోయినవాళ్ళలో అతనూ ఒకడు.