ఓల్డ్ అనే ఆంగ్ల పదానికి వ్యతిరేక పదాలు

ఆంగ్ల భాషలో తరచుగా వాడే విశేషణాలలో ఓల్డ్ ఒకటి. దీనికి వ్యతిరేక పదం ఒక్కటే కాదు. వస్తువుల విషయంలో న్యూ, ప్రాణుల విషయంలో యంగ్ దీనికి ప్రధానమైన వ్యతిరేక పదాలు. సందర్భాన్ని బట్టి ఫ్రెష్, మోడర్న్ వంటి పదాలు కూడా వ్యతిరేకార్థాన్ని ఇస్తాయి. పదానికి కాక అర్థానికి వ్యతిరేక పదం ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

పుట్టుక

ఓల్డ్ పదానికి మూలార్థం "పెరిగినది, ఎదిగినది". లాటిన్ భాషలో "పోషించు" అనే అర్థం గల ఆలెరె అనే క్రియ దీనికి జ్ఞాతి పదం. న్యూ, యంగ్ పదాలు మాత్రం ఇండో-యూరోపియన్ మూలభాషలోని రెండు వేరువేరు పదాల నుండి వచ్చాయి. సంస్కృతంలోని నవ, లాటిన్‌లోని నోవుస్, ఆంగ్లంలోని న్యూ ఒక కుటుంబానికి చెందినవి. సంస్కృతంలోని యువన్, లాటిన్‌లోని యువెనిస్, ఆంగ్లంలోని యంగ్ మరొక కుటుంబానికి చెందినవి. తెలుగులో వాడే నవ్యత, యువకుడు అనే తత్సమాలకు ఈ విధంగా ఆంగ్ల పదాలతో దూరపు చుట్టరికం ఉంది.

లాటిన్‌లో పాత వస్తువుకు వేటుస్, ముసలివానికి సెనెక్స్ అని వేరు పదాలుండేవి. ఆంగ్లంలో ఈ రెండు పనులనూ ఓల్డ్ ఒక్కటే చేస్తుంది. జర్మన్‌లోని ఆల్ట్ అనే పదం కూడా ఇటువంటిదే. దానికి నొయ్, యుంగ్ అని రెండు వ్యతిరేక పదాలున్నాయి.

అర్థాల వారీగా వ్యతిరేక పదాలు

* పాత (ఇల్లు, పుస్తకం, బట్టలు): ఓల్డ్ × న్యూ. తెలుగులో పాత × కొత్త.
* ముసలి (మనిషి, జంతువు): ఓల్డ్ × యంగ్. తెలుగులో ముసలి × పడుచు, వృద్ధ × యువ.
* ముదురు (ఆకు, మొక్క): ఓల్డ్ × యంగ్. తెలుగులో ముదురు × లేత.
* నిలవ ఉన్న (రొట్టె వంటి తినుబండారం): ఓల్డ్ × ఫ్రెష్. తెలుగులో నిలవ × తాజా.
* పూర్వకాలపు (పద్ధతి, ఆలోచన): ఓల్డ్ × మోడర్న్. తెలుగులో ప్రాచీన × ఆధునిక.
* తోబుట్టువులలో పెద్ద: ఎల్డర్ × యంగర్. తెలుగులో అన్న × తమ్ముడు, అక్క × చెల్లెలు.

చివరి జతలో రెండు భాషల తీరు భిన్నంగా ఉంది. ఆంగ్లంలో బ్రదర్, సిస్టర్ పదాలకు విశేషణం చేరిస్తే గాని వయోభేదం తెలియదు. తెలుగులో ఆ భేదం నామవాచకంలోనే ఇమిడి ఉంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఓల్డ్ × న్యూ అని కంఠస్థం చేసిన విద్యార్థులు "ఓల్డ్ మ్యాన్" అనే మాటకు వ్యతిరేకంగా "న్యూ మ్యాన్" అని వ్రాయడం కద్దు. న్యూ మ్యాన్ అంటే యువకుడు కాదు, కొత్తగా వచ్చిన వ్యక్తి. సరియైన సమాధానం "యంగ్ మ్యాన్".

"ఓల్డ్ ఫ్రెండ్" అన్నప్పుడు సాధారణంగా చిరకాల మిత్రుడని అర్థం. అతడు ఇరవయ్యేళ్ళ యువకుడైనా కావచ్చు. కనుక ఇక్కడ వ్యతిరేక పదం న్యూ. "ఓల్డ్ టీచర్" అనే మాటకు వయసు మళ్ళిన ఉపాధ్యాయుడనీ, పూర్వం చదువు చెప్పిన ఉపాధ్యాయుడనీ రెండర్థాలున్నాయి. మొదటి అర్థానికి యంగ్, రెండవ అర్థానికి న్యూ వ్యతిరేక పదాలవుతాయి.

"న్యూ మూన్" అంటే అమావాస్య. దీనికి వ్యతిరేకం "ఓల్డ్ మూన్" కాదు, పౌర్ణమి అనే అర్థమిచ్చే "ఫుల్ మూన్".

కొన్ని ఆంగ్ల విశేషణాలకు ముందు అన్ అనే ఉపసర్గ చేర్చితే వ్యతిరేకార్థం వస్తుంది (హ్యాపీ × అన్‌హ్యాపీ). తెలుగులో ఉచితం × అనుచితం వంటివి ఇటువంటివే. ఓల్డ్ విషయంలో ఈ పద్ధతి చెల్లదు.

భాషాశాస్త్ర దృష్టి

వ్యతిరేక పదాలలో కొన్ని జతల మధ్య మూడవ స్థితికి తావుండదు. ప్రాణి బ్రతికి ఉంటుంది, లేదా చనిపోయి ఉంటుంది. ఓల్డ్ × యంగ్ అటువంటి జత కాదు. నడివయసు మనిషి ముసలివాడూ కాదు, పడుచువాడూ కాదు. కాబట్టి "నాట్ ఓల్డ్" అన్నంత మాత్రాన యంగ్ అని అర్థం రాదు. ఇటువంటి వాటిని తారతమ్యం గల వ్యతిరేక పదాలు అనవచ్చు. 1944లో ప్రచురితమైన తన వ్యాసంలో ఎడ్వర్డ్ సపీర్ ఈ తారతమ్య లక్షణాన్ని వివరించాడు.

ఈ జతలో ఓల్డ్‌కు తటస్థమైన వాడుక కూడా ఉంది. మూడు రోజుల పసికందు వయసును సైతం ఆంగ్లంలో "త్రీ డేస్ ఓల్డ్" అనే చెబుతారు. వయసు అడిగేటప్పుడు "హౌ ఓల్డ్" అంటారే గాని "హౌ యంగ్" అనరు. ఇక్కడ ఓల్డ్ వృద్ధాప్యాన్ని కాక కేవలం వయసును తెలుపుతుంది. అందువలన ఈ వాడుకలో దానికి వ్యతిరేక పదమే లేదు.

నేర్చుకునే పద్ధతి

వ్యతిరేక పదాన్ని విడిగా కాక నామవాచకంతో కలిపి నేర్చుకోవడం మేలు. ముందుగా ఆ వాక్యంలోని ఓల్డ్‌ను తెలుగులో ఏమంటారో చూడాలి. పాత, ముసలి, ముదురు, నిలవ అనే వాటిలో ఏది సరిపోతుందో తేలితే, తగిన ఆంగ్ల వ్యతిరేక పదాన్ని ఎంచుకోవడం సులభమవుతుంది.

ఇవి కూడా చూడండి

* పర్యాయపదాలు
* నానార్థాలు
* విశేషణం