మలుపులో మూలుగు మోటారుబండి

పాత కారున్న ఇంటివారికి తెలిసిన సంగతియే. బండి తిన్నగా పోవునంతసేపు ఏ చప్పుడును ఉండదు. ఇరుకు వీథిలో చక్రము బాగుగా త్రిప్పినంతనే ‘గరగర’ మను రాపిడి ధ్వనియు, పాదముల క్రింద అదురును పుట్టును. మలుపు దాటగనే రెండును మాయమగును. “పాత బండి కదా” యని పలువురు దానిని విడిచిపెట్టుదురు.

ఇచ్ఛాపురములో మా బావగారును అట్లే విడిచిపెట్టిరి. వారిది అంబాసిడరు కారు. 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపూరు చెంత తీరము దాటిన ఫైలిన్ తుఫాను నాడు అది ముంగిట చక్రములు మునుగునంత నీటిలో నిలిచిపోయెను. కొలది నెలలకు మలుపులలో ధ్వని మొదలయ్యెను. ఒక మరమ్మతుదారు విని, స్టీరింగు చెడినదని చెప్పి, విప్పి, క్రొత్త భాగములు వేసెను. డబ్బు పోయెను గాని ధ్వని పోలేదు. మా మేనకోడలిని కానుపునకు బరంపురము తీసికొనిపోవలసిన దినములవి. అదే బండిలో పోవలెను.

అసలు మలుపులోనే ఏల ధ్వని రావలెను? మలుపులో బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము నడువవలెను. రెండు చక్రముల నడుమ సుమారు 4½ అడుగుల ఎడమున్న బండి ఒక పూర్తి వలయము తిరిగినచో, బయటి చక్రము సుమారు 28 అడుగులు ఎక్కువ నడచును. వలయము పెద్దదైనను చిన్నదైనను ఈ 28 అడుగులు మారవు! పై తరగతుల పిల్లలు లెక్క కట్టి చూడవలెను. అయితే చిన్న వలయములో ఆ తేడా కొద్ది దూరములోనే తీరవలెను గనుక, మలుపు ఎంత ఇరుకైనదో యంత్రమునకు శ్రమ అంత హెచ్చు.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును. మోటారుబండిలో ఒకే ఇంజను రెండు చక్రములను త్రిప్పవలెను గనుక, వానికి వేఱువేఱు వేగముల నిచ్చు పళ్లచక్రముల కూర్పు వలయును. దీనిని డిఫరెన్షియల్ అందురు. ఫ్రాన్సు దేశస్థుడగు ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో దీనిని కల్పించెను. అంబాసిడరులో ఇది వెనుక ఇరుసు నడుమ గుండ్రని పెట్టెలో ఉండును. అందలి చిన్న పళ్లచక్రములు బండి తిన్నగా పోవునపుడు తమ చుట్టు తాము తిరుగవు. మలుపులో మాత్రమే తిరుగును. కావున కుడికి త్రిప్పినను ఎడమకు త్రిప్పినను ధ్వని సమానముగ వచ్చి, యాక్సిలరేటరు నొక్కినపుడు హెచ్చుచుండినచో మొదట అనుమానింపవలసినది వీనినే. అందలి నూనె తగ్గెనేమో చూడవలెను. తీసిన నూనెలో ఇనుప రజను మెఱసినచో పళ్లు అరుగుచున్నవన్నమాట.

మారుతి 800 వంటి కార్ల సంగతి వేఱు. 1983 డిసెంబరులో వచ్చిన ఆ బండిలో ఇంజను ముందు చక్రములనే త్రిప్పును. అవియే దారి మళ్లును. అందుచేత వాని ఇరుసులకు వంగుచు తిరుగు కీళ్లు అవసరము. కీలుపై రబ్బరు తొడుగు చినిగినచో గ్రీజు చిమ్మిపోవును. మన సముద్రతీరపు ఇసుక లోన చేరును. ఇక పూర్తిగా త్రిప్పి కదలించినపుడెల్ల ‘టకటక’ మను ధ్వని వినవచ్చును. అంబాసిడరులో ఇట్టి కీళ్లు లేవు. ఉన్నవని చెప్పి డబ్బడుగువానిని నమ్మరాదు.

చక్రము చివరివరకు త్రిప్పినపుడు మాత్రమే రాపిడి వచ్చినచో, టైరు మడ్గార్డునకు తగులుచున్నదేమో చూచినచో చాలును. తగిలినచోట మెఱుపుగీత ఉండును.

మా బావగారి బండిని తుదకు బరంపురములో ఒక వృద్ధ మెకానిక్కు చూచెను. అతడు తెలుగును ఒడియాను కలిపి మాటలాడును. ఏ భాగమును ముట్టకముందే అడిగెను: “బాబూ, రెండు పక్కలా తిప్పినా వస్తుందా, ఒక పక్కేనా?”

“కుడికి తిప్పితేనే.”

“క్లచ్చి తొక్కి గేరు తీసేస్తే తగ్గుతుందా?”

“తగ్గదు.”

“అయితే ఎడమ చక్రం ఎత్తండి.”

కుడికి మళ్లునపుడు బస్సులో మనము ఎడమకు ఒరుగుదుము గదా! బండి బరువును అట్లే ఎడమ చక్రములపై పడును. అచ్చటి బేరింగు చెడియున్నచో అప్పుడే మూలుగును. ఇంజనునకు సంబంధము లేదు గనుక గేరు తీసినను తగ్గదు. స్టీరింగు మార్చిన మొదటివాడు ఈ రెండు ప్రశ్నలును అడుగనే లేదు.

అతడు మిగిలిన చక్రములకు రాళ్లడ్డము పెట్టి, ఎడమవైపు ముందు చక్రమును జాకీతో లేపి, క్రింద దిమ్మ నిలిపెను. (జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి ఎవ్వరును పోరాదు, పిల్లలు దరికే రారాదు.) చక్రమును పైనను క్రిందను పట్టి ఊపగా అది వదులుగ కదలెను. చేతితో త్రిప్పగా గరగర మనెను. విప్పి చూడగా గ్రీజునకు బదులు త్రుప్పు, బురద యుండెను. తుఫాను నీరు ఆనాడే లోన చేరినది. మఱి కొంతకాలము నడిపినచో బేరింగు పగిలి, రహదారిపై వేగములో చక్రమే ఊడిపోవచ్చునని ఆ వృద్ధుడు చెప్పెను. అందులో అతిశయోక్తి లేదు.

2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరుల నిర్మాణము ఆగిపోయెను గనుక ఇప్పుడు తిరుగుచున్నవన్నియు వయసు మీఱినవే. వరద నీటిలో నిలిచిన ఏ బండికైనను చక్రములు విప్పించి గ్రీజు మార్పించుట మంచిది.

ఆ వారములోనే మా మేనకోడలు అదే బండిలో బరంపురము చేరెను. విప్పి తీసిన పాత బేరింగు నా బల్లపై కాగితములు ఎగిరిపోకుండ బరువుగ నున్నది. కోరిన పిల్లలు వచ్చి చేతితో త్రిప్పి ఆ ధ్వనిని వినవచ్చును.