ఇంజను కట్టించారు సరే, రేడియేటరు మాటేమిటి?

కోవూరు: కరెంటు పోవడం రొయ్యల రైతుకు కొత్త కాదు. పోయిన వెంటనే జనరేటరు అందుకోకపోతేనే గుండె జారుతుంది. పగటి పూట గుంటలోని నాచు నీటికి ప్రాణవాయువు ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గకుండా చూసుకోవాలని చెబుతారు. బాగా దిగజారితే రొయ్యలు పైకి తేలి గట్లకు చేరతాయి. మన దేశంలో 2009లో అనుమతి లభించిన వెనామీని టైగరు కన్నా ఒత్తుగా పెంచుతారు గనుక, ఏరియేటర్లు ఆగితే రైతుకు చిక్కే వ్యవధి మరీ తక్కువ.

విడవలూరు వైపు ఒక రైతుకు పోయిన వేసవిలో జరిగింది ఇదే. ఆయన జనరేటరుకు ఉన్నది పాత లారీ నుంచి దించిన ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. పొగ ఎక్కువై, ఆయిలు తాగుతుంటే పని చేయించారు. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి పడ్డాయి. క్రాంకు గ్రైండింగ్ అయింది, బేరింగులు మారాయి. ఎలాగూ ఇంజను విప్పారు గదా అని, కొత్తగా కొన్న ఏరియేటర్లను కూడా లాగేట్టు పంపులో డీజిలు పెంచమన్నారు. పెంచారు. మూడు రాత్రులు బండ మాదిరి నడిచింది. నాలుగో రాత్రి మూడు గంటల వేళ నీళ్లు కాగి, టర్బో కూసి, ఇంజను పట్టేసింది. తెల్లవారేసరికి గట్ల వెంట రొయ్య తెల్లగా పరుచుకుంది. మిగిలింది ఆ పూటే పట్టించి, అడిగిన ధరకు ఇచ్చేశారు.

తప్పు షెడ్డుదని రైతు అంటారు. తాము కట్టిన ఇంజనులో లోపం లేదని షెడ్డువారంటారు. కోవూరు రోడ్డు మీద ఇంజను పని చేసే పాత మేస్త్రీ ఒకరిని ఈ విలేఖరి కదిలించగా, ఆయన ఇద్దరినీ తప్పు పట్టలేదు. ఇద్దరినీ వదిలిపెట్టనూ లేదు. "ఇంజను కట్టారబ్బయ్యా, దాని చుట్టూ ఉండేదాన్ని కట్టలేదు" అన్నారాయన.

చుట్టూ ఉండేది ఏమిటి? మొదటిది రేడియేటరు. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. ఏళ్ల తరబడి అవే పోస్తే గొట్టాల లోపల గార కట్టి, సగం గొట్టాలు పూడిపోతాయి. మునుపటి లోడుకు ఆ సగంతోనే నెట్టుకొచ్చింది. డీజిలు పెంచితే వేడీ పెరిగింది. దాన్ని బయటకు పంపే దారి మాత్రం పెరగలేదు. పైగా రేకుల గదిలో ఇంజను పెట్టి, వేడి గాలి పోయే వైపు గోడ కట్టేస్తారు. ఫ్యాను అదే వేడి గాలిని తిరిగి లాక్కుంటుంది.

రెండోది టర్బో. ఇంజను నుంచి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు మీది ఇంకో చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఇది నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. అంత వేగంలో ఇరుసును కాపాడేది పలచని ఆయిలు పొర. ఆ ఆయిలు తెచ్చే సన్నని గొట్టంలో మసి పేరుకుని ఉంటే కొత్త పిస్టన్లు ఏం చేయగలవు? ఇంజను విప్పినప్పుడు ఈ గొట్టం మార్చాలి. ఆయిలు దిగే గొట్టం వంపులు లేకుండా కిందికే పోవాలి. మొదటిసారి స్టార్టు చేసే ముందు టర్బోలో ఆయిలు పోయాలి. ఆపేటప్పుడు లోడు తీసి, కాసేపు ఉత్తగా తిరగనిచ్చి ఆపాలి. ఈ చివరి మాట వినే రైతు వందకు ఒకరుంటే గొప్పని మేస్త్రీ నవ్వారు.

మూడోది డీజిలు సంగతి. 50 సైకిళ్ల కరెంటు కోసం ఈ జనరేటర్లు నిమిషానికి 1500 చుట్ల దగ్గరే తిరగాలి. వేగం పెంచే వీలు లేదు గనుక ప్రతి దెబ్బకు డీజిలు పెంచడమొక్కటే దారి. ఎయిర్ క్లీనరు దుమ్ము పట్టి గాలి చాలకపోతే ఆ డీజిలు నల్ల పొగై పోతుంది, పిస్టను తల మాడుతుంది. నాజిళ్లు, పంపు రెండూ బెంచి మీద పెట్టి సరిచూడాలి. చెవితో విని స్క్రూ తిప్పడం కాదు. అంతా చేసినా, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు పాతదే అయితే దాని కేవీఏ ఎంతో అంతే. ఇంజను బలం దాన్ని మించి లాభం లేదు.

ఇదే తంతు కార్ల పందేల వాళ్లకూ తప్పదని తెలిసి ఈ విలేఖరి ఆశ్చర్యపోయాడు. మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్న పాలిటెక్నిక్ కుర్రాడు ఫోనులో రోటరీ ఇంజను చూపించాడు. అందులో పిస్టను లేదు. నడుము నొక్కిన గుడ్డు ఆకారపు గూడులో మూడు మూలల రోటరు తిరుగుతుంది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్ఎస్‌యూ కంపెనీ 1957లో మొదట తిప్పింది. 1967లో అదే కంపెనీ తెచ్చిన రో 80 కారులో రోటరు మూలల్లోని సీళ్లు త్వరగా అరిగిపోయి, ఊరికే ఇంజన్లు మార్చి ఇవ్వలేక కంపెనీ కుదేలైంది. 1969లో ఫోక్స్‌వాగన్ చేతికి పోయింది. జపాను మాజ్దా పట్టు వదలక, 1991లో లె మాన్స్ 24 గంటల పందెం నాలుగు రోటర్ల కారుతో గెలిచింది.

ఈ ఇంజనుకు వాల్వులు లేవు, గూడు గోడల్లో రంధ్రాలే. ఆ రంధ్రాలను ఆకురాయితో పెద్దవి చేయడాన్ని పోర్టింగ్ అంటారు. గాలి ఎక్కువ వస్తుంది, ఆ పైన టర్బో ఇంకా నెడుతుంది. అప్పుడు పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు పెద్దవి కావాలి. టర్బోలో వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు కావాలి. రోటరు కడుపును చల్లబరిచేది ఆయిలే గనుక ఆయిలు కూలరూ పెంచాలి. పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది కంప్యూటరులో మళ్లీ దిద్దాలి. ఒక్కటి తక్కువైతే పెట్రోలు తనంతట తానే పేలి, మూలల సీళ్లు క్షణాల్లో విరుగుతాయి. కొత్తగా కట్టిన ఇంజను మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

విడవలూరు రైతు ఇంజనుకు పట్టిన గతే గదా, అన్నాడు కుర్రాడు. 2012లో కార్లలో ఆగిపోయిన ఆ రోటరీని మాజ్దా 2023లో మళ్లీ ఒక కారులో పెట్టిందనీ, ఈసారి దాని పని చక్రాలు తిప్పడం కాదు, బ్యాటరీకి కరెంటు పుట్టించడమేననీ చెప్పాడు. అక్కడా అది జనరేటరే అయిందన్నమాట.

కాగా, విడవలూరు రైతు ఇంజను ఇప్పుడు ఈ షెడ్డులోనే ఉంది. ఈసారి చీటీలో రేడియేటరు కోరు, టర్బో ఆయిలు గొట్టం, నాజిళ్ల బెంచి పరీక్ష పైన రాశారు, పిస్టన్లు కింద. రేకుల గది గోడలో కిటికీ కొట్టమని మేస్త్రీ అడిగితే రైతు సరేనన్నారు. ఏరియేటర్లు అన్నీ ఒక్కసారిగా ఆన్ చేయవద్దు, మోటారు మొదలయ్యేటప్పుడు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఒకటి అందుకున్నాక ఇంకొకటి వేయండని చెప్పారు. దానికి మాత్రం రైతు ఇంకా తల ఊపలేదు. రాత్రి మూడింటికి గుంట కాడ ఉండేది కావలి కుర్రాడు, వాడికి ఎవరు చెప్పాలని అడుగుతున్నారు.